ఆ బురుజుకు నేను పెట్టిన రాజు

గైడు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. టూరిస్టు అడిగినదానికి జవాబు తెలియకపోతే ఏం చెయ్యాలి సార్ అని. తెలియదని చెప్పండి అంటాను. వాళ్లు నవ్వుతారు, నేనేదో వినయం ఒలకబోస్తున్నాననుకుంటారు. నిజానికి ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఆ మాట వాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడి తీరాల్సిన రోజున మాత్రం వాడలేదు. ఆ రోజు ఏం జరిగిందో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయిందనుకుని రాసి ఒకసారి చెడ్డాను, కాబట్టి ఈసారి అర్థం కాకుండానే రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా గోల్కొండ, చార్మినార్, ఏడు గుమ్మటాల సమాధుల చుట్టూ తిరిగింది. అక్కడ గైడుకు కష్టం లేదు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఎందుకు కట్టించారు. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, మధ్యలో రెండు జోకులు. కోట వాకిట్లో చప్పట్లు కొడితే పైన వినబడుతుందని చెప్పి, జనం చేత చప్పట్లు కొట్టించి, ఆ గోలలో నేను మంచినీళ్లు తాగేవాణ్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువ తెలియకుండానే ఒంటికి పట్టేసింది.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా మా మేనేజరుకు కొత్త ఆలోచన వచ్చింది. చూసినవే ఎన్నాళ్లు చూపిస్తాం, ఊరి చుట్టుపక్కల ఎవరికీ తెలియని చోట్లు చూపిద్దాం అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, మాట మెత్తన, ప్రతిదానికీ ఒక ఫారం ఉంటే లోకం బాగుపడుతుందని నమ్మే మనిషి. ఉత్తరం దిక్కు నాకు అప్పగించాడు. పొద్దున్నే నగరంలో బయలుదేరి మేడ్చల్ పాత బజారు, అక్కణ్నుంచి అత్వెల్లి మీదుగా లోపలి పల్లెలు, గుండ్ల గుట్టలు, మధ్యాహ్నానికి శామీర్‌పేట చెరువు గట్టున చేపల కూరతో భోజనం, జింకల పార్కు చూసుకుని తిరుగు ప్రయాణం. వినడానికి బాగానే ఉంది. ఆ దారిలో ఒక్క రాజు పేరు కూడా నాకు తెలియదన్నదే నా బెంగ.

బండి నడిపింది గౌడవెల్లి మనిషి. ఎనిమిదేళ్లుగా నాతోనే ఉన్నాడు. నేను మైకులో వాగుతుంటే అతను నోరు మెదిపేవాడు కాదు. కానీ ఈ కొత్త రూటులోకి వచ్చాక అతని వరస మారింది. రాతిగుండు కనిపించినప్పుడల్లా బస్సు నెమ్మది చేసేవాడు. ఒకదాన్ని బోర్లించిన గంప అనేవాడు, ఇంకోదాన్ని అత్తాకోడళ్లు అనేవాడు. కొన్నిచోట్ల ఏమీ లేకపోయినా నెమ్మది చేసేవాడు, అక్కడ వెంచరు గేటు, రంగు జెండాలు తప్ప మరేమీ ఉండేది కాదు. ఎందుకు ఆపావయ్యా అంటే, ఈడ ఒక గుండు ఉండె సార్, పోయినేడు పేల్చిన్రు అనేవాడు. లేని రాయికి కూడా బ్రేకు వేసే మనిషిని నేను అతన్నే చూశాను.

అత్వెల్లి దాటి లోపలికి వెళ్తే ఒక ఊరుంది. పేరు రాయను. ఆ ఊళ్లోకి పోగానే దారి సన్నబడుతుంది. ఆ సన్నబడిన చోట ఒక బురుజు ఉండేది. రెండంతస్తుల ఎత్తు, గుండ్రంగా, కింద రాయి, పైన మట్టి. దానికి అతుక్కుని ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి వెనక గోడ వేరే లేదు, బురుజే గోడ. అందులో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను లోపలికి పిలిచి ఆ రాతికి వీపు ఆనించి కూర్చోమంది. మే నెల ఎండ, లోపల మాత్రం కుండలో కూర్చున్నట్టు ఉంది. ఫ్యాను లేదేమవ్వా అంటే, గీ గోడుండంగ ఫ్యానెందుకు కొడుకా, అంది.

అవ్వను అడిగాను, ఈ బురుజు ఎవరు కట్టించారని. మా ఇంటాయన తాత గట్టిండు, అంది. పెద్దవాళ్లు ఏదో గొప్పకు అంటారని సర్దుకుని బయటికొచ్చాను. ఎదురుగా కల్లు గీసే కుటుంబం పెద్దాయనను అడిగితే, మా తాత గట్టిండు సారూ అన్నాడు. సందు చివర కుమ్మరి ముసలాయన, మా తాత అన్నాడు. చెరువులో చేపలు పట్టే ఆయన ఇంకా ఒక మెట్టు ఎక్కి, మా తాత, మా తాత తమ్ముడు కలిసి కట్టారన్నాడు. ఐదో ఇంటికి వెళ్లే సరికి నాకు ఒళ్లు మండింది. జవాబు వినకముందే తాతగారేనా అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, నీకెట్ల ఎరుక, అన్నాడు.

ఒక బురుజు, ఐదుగురు తాతలు. నోట్‌బుక్కులో ఒక్కొక్కటీ రాసి ఒక్కొక్కటీ కొట్టేశాను. ఇంకోటి కూడా నాకు అంతుపట్టలేదు. బురుజుకు నడుమెత్తున ఒక వరుస రాళ్లున్నాయి. ఆ వరుసలో చాలా రాళ్లకు పసుపు పూసి ఉంది. కొన్నిటికి పాతది, కొన్నిటికి నిన్నో మొన్నో పూసినట్టుంది. పై వరుసకు లేదు, కింది వరుసకు లేదు. దేవుడేమో అనుకుంటే విగ్రహం లేదు, బొట్టు లేదు. అడుగుదామనుకున్నాను. అడిగితే మళ్లీ ఐదు జవాబులు వస్తాయని భయపడి ఊరుకున్నాను.

మా మేనేజరు బోర్డుల కోసం ఒక ఫారం చేయించాడు. పేరు, కాలం, నిర్మించినవారు, విశేషం. నాలుగు గళ్లు. మూడో గడి ఖాళీగా పంపితే వెనక్కి తిప్పి పంపాడు. స్థానికంగా విచారించగా తెలియలేదు అని రాస్తే అదీ తిప్పాడు. బోర్డు మీద తెలియదని రాస్తే చూడటానికి ఎవరొస్తారండీ, మీరు సీనియర్లు, ఏదో ఒకటి ఉండే ఉంటుంది చూడండి అన్నాడు. ఆ సీనియర్లు అన్న మాటకు లొంగాను. బురుజు అన్నాక ఒక దొర ఉండాలి కదా అనుకుని, స్థానిక జాగీర్దారు అని రాసేశాను. గడి నిండిందని హాయిగా అనిపించింది.

ఫారం చదివి వినిపిస్తే, డ్రైవరు ఇంజన్ ఆపి నా వైపు తిరిగాడు. తనకు తెలిసి ఆ ఊళ్లో దొర ఎప్పుడూ లేడని, దొర ఉండే కోట, వాళ్లు గడి అంటారు, పక్క ఊళ్లో ఉండేదని చెప్పాడు. గా బురుజు దొరది గాదంటరు సార్, అన్నాడు. మరి ఎవరిదయ్యా అన్నాను. అది నాకెరుక లేదు అన్నాడు. తెలియని విషయం నువ్వెందుకు చెప్పడం అని విసుక్కున్నాను. ఎనిమిదేళ్లలో నేను చెప్పేదాని మీద అతను అడక్కుండా అన్న మాట అదొక్కటే.

బోర్డు వచ్చింది. గోధుమ రంగు పలక, తెల్ల అక్షరాలు, రెండు ఇనప కాళ్లు. అవ్వ ఇంటి ముందే పాతారు. టూరు నడిచింది, బాగానే నడిచింది. ఆదివారాల్లో బస్సు నిండేది. ఎవరికీ తెలియని చోటు చూశామన్న సంబరం జనానికి. జనం సంబరపడేకొద్దీ జాగీర్దారు పెరుగుతూ పోయాడు. మొదటి వారం పేరు లేని మనిషి. నెలకల్లా గుర్రం వచ్చింది. ఇంకో నెలకు ఒక భార్య వచ్చింది, ఆమె బురుజు మీద నిలబడి భర్త కోసం ఎదురు చూసేది. పసుపు రాళ్లకు కూడా లెక్క కుదిరింది, ఆమె జ్ఞాపకంగా ఊరి ఆడవాళ్లు పూస్తారని చెప్పేవాణ్ని. ఆ మాటకు బస్సులో ఆడవాళ్లు ఫోటోలు తీసుకునేవాళ్లు.

అవ్వ అరుగు మీద కూర్చుని ఇదంతా వినేది. ఒక ఆదివారం అందరూ బస్సెక్కాక నన్ను ఆపి, గా జాగీర్దారు ఎవలు కొడుకా, అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. చరిత్రలో ఉన్నాడవ్వా అన్నాను. ఆమె తల ఊపింది. చదువుకున్నోనివి, నీకే ఎరుకుంటది అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఇక ఆ రోజు. నా రిటైర్మెంటుకు ఆరు వారాలుంది. మేనేజరు కూడా టూరు చూస్తానని బస్సులో వచ్చాడు. మేం వెళ్లేసరికి బురుజు దగ్గర టెంటు వేసి ఉంది, కుర్చీలు వేసి జనం కూర్చున్నారు. గ్రామసభ. ఊరవతల రెండు వెంచర్లు వచ్చాయి, ఇళ్లు లేస్తున్నాయి, ఆ సన్న దారిలో లారీ పట్టదు, అంబులెన్సు పట్టదు. దారి వెడల్పు చెయ్యాలంటే బురుజు తియ్యాలి. బురుజు తీస్తే అవ్వ ఇంటికి వెనక గోడ ఉండదు. అంబులెన్సు మాట అబద్ధం కాదు. అంతకుముందు నెలలోనే ఒక కాన్పు మనిషిని మంచం మీద మోసుకుని సందు దాటించారట. ఎవరిది న్యాయమో నాకు తెలియలేదు. మా బస్సులో వచ్చినవాళ్లకు ఇదీ ఒక వింతే, దిగి టెంటు చుట్టూ నిలబడి చూస్తున్నారు.

కుర్రవాళ్లలో ఒకడు లేచి చాలా మర్యాదగానే మాట్లాడాడు. దొరల కాలం పోయిందని, మన తాతలతో వెట్టి చేయించుకున్నవాళ్ల బురుజు కోసం మన ఆడవాళ్లు సందులో కాన్పు కావాలా అని అడిగాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. నేను అంతకుముందు ఎన్నోసార్లు కొట్టించిన చప్పట్లే అవి.

అవ్వ లేచింది. మైకు ఇవ్వబోతే తీసుకోలేదు. నేరుగా బురుజు దగ్గరికి వెళ్లి నడుమెత్తు వరుసలో ఒక రాయి మీద చెయ్యి పెట్టింది.

"గిది మా ఇంటిది," అంది. పక్క రాయి మీద చెయ్యి పెట్టి, "గిది కుమ్మరోళ్లది. గిది గౌడోళ్లది. గిది నీ ముత్తాత మోసుకొచ్చింది బిడ్డా, నువ్వు గిప్పుడు దొరది అంటున్నవ్."

ముసలివాళ్లంతా లేచారు. ఒక్కొక్కరూ వెళ్లి ఒక్కో రాయి దగ్గర నిలబడ్డారు. నాకు మా తాత అని చెప్పిన ఐదుగురూ ఆ వరుసలో ఉన్నారు. వాళ్లు తలా ఒక మాట చెప్తే అప్పుడు తెలిసింది నాకు. ఎప్పుడో దొంగల భయం పుట్టినప్పుడు ఊరంతా కలిసి బురుజు కట్టుకుంది. మిగతా రాళ్లు ఉమ్మడిగా మోశారు, ఆ ఒక్క వరుస మాత్రం ఇంటికో రాయి. కాపలాకు వంతులు కూడా ఆ రాళ్ల వరసలోనే నడిచేవి. ఇంట్లో పెళ్లయితే కొత్త కోడల్ని తీసుకొచ్చి ఇది మన రాయి అని చూపించి పసుపు పూయిస్తారు. అది ఆడవాళ్ల తంతు అనుకుని కుర్రవాళ్లు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఐదుగురు తాతలూ నిజమే. ఎవరూ నాతో అబద్ధం చెప్పలేదు.

నాకు చెప్పలేదేమవ్వా అని తర్వాత అడిగాను. "నువ్వు ఎవలు గట్టిన్రు అనే అడిగినవ్ గద కొడుకా. ఎట్ల గట్టిన్రు అని అడుగలె," అంది.

కానీ అది తర్వాత. ఆ క్షణంలో టెంటు కింద గందరగోళం. కుర్రవాళ్లు బోర్డు వైపు చూపిస్తున్నారు. రాసి ఉంది కదా, సర్కారు బోర్డు తప్పు చెప్తుందా అంటున్నారు. అది సర్కారు బోర్డు కాదు, మా ఆఫీసుది. ఇనప కాళ్లు, తెల్ల అక్షరాలు ఉంటే జనానికి అన్నీ సర్కారువే. ఇంతలో సర్పంచికి నేను కనిపించాను. ఆయన తగాదా తీరే దారి దొరికిందన్న సంతోషంతో నన్ను పిలిచాడు.

"సార్, మీరే చెప్పుండ్రి. గిది జాగీర్దారుదేనా, ఊరోళ్లదా?"

అందరూ నా వైపు చూశారు. టూరిస్టులు కూడా. వాళ్లలో గత నెల వచ్చి, బాగుందని చుట్టాలను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చినవాళ్లున్నారు. పక్కన మేనేజరు. అవ్వ తన రాయి మీద చెయ్యి తియ్యకుండా నన్నే చూస్తోంది, చదువుకున్నవాడు ఇప్పుడు నిజం చెప్తాడన్న నమ్మకంతో. అది నేను కల్పించి రాశాను, నాకు తెలియదు అంటే చాలు. ఆరు మాటలు. గోల్కొండలో గుక్క తిప్పుకోకుండా అరగంట చెప్పే నోరు నాది.

ఆఫీసులో రికార్డులు చూసి చెప్తాను, అన్నాను.

భయపడ్డానా? ఆరు వారాల్లో రావలసిన రిటైర్మెంటు కాగితాలు గుర్తొచ్చాయా? మేనేజరు ముందు తల దించుకోవడం ఇష్టం లేకపోయిందా? ఇన్నాళ్లూ ఆలోచిస్తున్నాను, తేలలేదు. ఒక్కోసారి మూడూ అనిపిస్తుంది, ఒక్కోసారి ఏదీ కాదనిపిస్తుంది. అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట అయి ఉంటుందనుకుంటే మరీ భయమేస్తుంది. అవ్వ రాయి మీద నుంచి చెయ్యి తీసి ఇంట్లోకి వెళ్లిపోయింది. రికార్డులు వచ్చేదాకా ఆగుదామని సర్పంచి అన్నాడు, ఆగడానికి పదిహేను రోజులు గడువు పెట్టారు.

శామీర్‌పేట చెరువు గట్టున ఆ రోజు చేపల కూర బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నేను రెండు ముద్దలు తిని లేచాను. నీళ్ల మీద కొంగలు, అవతలి ఒడ్డున గుండ్లు. ఎవరు పేర్చారో అడిగేవాళ్లు లేని గుండ్లు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి కాగితం పెట్టాను. మూడో గడిలో రాసినది తప్పు, నిర్మించినవారు ఊరి ప్రజలు, ఇంటికో రాయి, బోర్డు మార్చాలి అని. మేనేజరు రెండుసార్లు చదివాడు. తర్వాత నిదానంగా, దీనికి ఆధారం ఏదండీ అన్నాడు. జాగీర్దారుకు ఏ ఆధారం ఉందని అడగలేదేం సార్ అన్నాను. ఆయన నిజాయితీగానే తికమకపడ్డాడు. అప్పుడు గడి ఖాళీగా ఉంది కదండీ, ఇప్పుడు నిండి ఉంది, నిండినదాన్ని మార్చాలంటే ఆధారం కావాలి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ఐదుగురు ముసలివాళ్ల చేత రాయించి వేలిముద్రలు వేయించి తెచ్చాను. కాగితం పైకి వెళ్లింది. అక్కణ్నుంచి జవాబు రాకముందే ఊళ్లో పెట్టిన గడువు అయిపోయింది.

బురుజు తీసిన రోజు డ్రైవరు నాకు ఫోన్ చేసి, బైకు మీద తీసుకెళ్లాడు. పై భాగం దించేసి జేసీబీ పక్కన ఆగి ఉంది. మిగిలినదానికి అది చెయ్యి వెయ్యకముందు నడుమెత్తు వరుస తీసుకుంటామని ఊరివాళ్లు అడిగారట, సర్పంచి ఒప్పుకున్నాడు. గడ్డపారలతో ఒక్కొక్క రాయీ ఊడదీస్తున్నారు. ఎవరిది వాళ్లు భుజానికెత్తుకుని వెళ్తున్నారు. దొర బురుజు అన్న కుర్రవాడు కూడా తన ముత్తాత రాయి మోసుకెళ్లడం చూశాను. కొందరు గడప పక్కన పెట్టుకున్నారు, కొందరు తులసి కోట దగ్గర. అవ్వ ఇంట్లో బురుజుకు ఇవతలగా పంచాయతీ వాళ్లు అంతకుముందే ఇటుక గోడ కట్టించారు, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె తన రాయిని ఆ గోడకు ఆనించి పెట్టించుకుంది.

నేను క్షమించమని అడగడానికి వెళ్లాను. అడగలేకపోయాను. గోడ బాగానే కట్టారవ్వా అన్నాను, అంతకంటే పనికిమాలిన మాట దొరకలేదు. కట్టిన్రు గని సల్లగ లేదు, అంది. కొత్తగా కొన్న టేబుల్ ఫ్యాను తిరుగుతోంది.

సాయంత్రానికి వరుసంతా ఖాళీ అయింది, ఒక్క రాయి తప్ప. దాని తాలూకు ఇల్లు ఏదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎప్పుడో ఊరు వదిలి పోయిన వాళ్లయి ఉంటారన్నారు. పసుపు కూడా లేదు దానికి. జేసీబీ వాడు తొందరపెడుతున్నాడు. అవ్వ కర్ర పట్టుకుని వచ్చి దాన్ని చూసి, నన్ను చూసింది.

"దీనికి ఎవలు లేరు. నీ జాగీర్దారుదే గావచ్చు. తీస్కపో."

నవ్వుతూ అందో, కోపంతో అందో, ఈ రోజుకీ నాకు తెలియదు. ఆమె ముఖంలో రెండూ లేవు. నేనూ డ్రైవరూ కలిసి దాన్ని ఒక ఆటోలో వేసుకుని బహదూర్‌పల్లి తెచ్చాం, మా అపార్టుమెంటులో మూడో అంతస్తుకు. దారిలో అతన్ని అడిగాను, నేను ఆ బోర్డు రాయకపోతే బురుజు నిలిచేదా అని. రోడ్డుకు దొరైతేంది, తాతైతేంది సార్, ఎట్లయిన పోతుండె, అన్నాడు. నిజమే చెప్పాడో, నా మనసు కుదుట పడాలని చెప్పాడో. ఆ తర్వాత పేల్చేసిన గుండు ఒకటి ఒకప్పుడు ఉన్న చోట ఆటో అతనికి నెమ్మదిగా పొమ్మని చెప్పాడు.

అవ్వ పోయిన ఏడు చనిపోయింది. బోర్డు మార్చమని నేను పెట్టిన కాగితానికి జవాబు, బురుజు పోయిన నాలుగు నెలలకు వచ్చింది. మార్పు ఆమోదించారు. మార్చడానికి బోర్డు లేదు, పాతడానికి చోటు లేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

రాయి మా బాల్కనీలో ఉంది. కొత్త గైడు పిల్లలూ, మీరు వచ్చినప్పుడు చెప్పులు విప్పి దాని మీద కూర్చోబోతే నేను వారించేది అందుకే. ఇదేంటి సార్, ఎవరిది అని అడుగుతారు. తెలియదని చెప్తాను, మీరు నవ్వుతారు. ఉగాదికి మా ఆవిడ దానికి కాస్త పసుపు పూస్తుంది. మనది కాదు కదా అంటే, ఎవరిదో ఒకరిది కదా అంటుంది. ఎప్పుడైనా ఎవరైనా ఆ మూడంతస్తులూ ఎక్కొచ్చి, ఇది మా తాతది అంటే, ఆధారం అడక్కుండా ఇచ్చేద్దామని ఉన్నాను.